బఠాణీ గింజంత కన్నం

మా పై అంతస్తు టీచరమ్మ గారు పోయారన్న కబురు నాకు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. లిఫ్టు పనిచేయడం లేదన్న కబురుకీ, కూరగాయల బండి వచ్చిందన్న కబురుకీ మధ్యన. ఆవిడ చెల్లెలి కొడుకు పెట్టాడు, పొద్దున్నే హాస్పిటల్లో డెంగీ జ్వరంతో పోయారని. దాని కింద వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు. ఆ చేతుల మధ్య నాలుగో అంతస్తు పెద్దమనిషి ఒకాయన ఇలా రాశాడు: 'దోమల టీచర్‌ని చివరికి దోమే తీసుకెళ్లిపోయిందండీ, విధి చూడండి.' ఆ తర్వాత మా సెక్రటరీ గారి ప్రకటన. సాయంత్రం ఫాగింగ్ ఉంది, అందరూ కిటికీలు మూసుకోవాలి.

విధి చూడాలట. నేను విధిని చూడలేదు. చూసినవి వేరే ఉన్నాయి. అవే చెబుతాను.

నేను డబ్బింగ్ చెప్పుకుని బతికేదాన్ని. తెర మీద హీరోల తల్లులు ఏడిస్తే ఆ ఏడుపు నాది. స్టూడియోలకు దగ్గరని ఫిల్మ్ నగర్‌లో, కొండ వాలులో ఉన్న ఈ పాత అపార్ట్‌మెంట్‌కి వచ్చాను. టీచరమ్మ గారు నాకంటే ముందు నుంచీ ఇక్కడే ఉన్నారు. నర్సాపురం వైపు మనిషి. శ్రీనగర్ కాలనీలో ఒక స్కూల్లో పిల్లలకు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. ఆదివారం చర్చి, మిగిలిన రోజుల్లో పురుగులు.

మా పరిచయం చెప్పుతో మొదలైంది. నా చేతిలో చెప్పు. బాత్రూం గోడ మీద పెద్ద దోమ ఒకటి కూర్చుంది. అంత పొడుగు కాళ్ల దోమను నా జన్మలో చూడలేదు. అది కుడితే మనిషి మిగలడనుకుని చెప్పు ఎత్తాను. పైప్ లీకేజీ గురించి మాట్లాడటానికి అప్పుడే వచ్చిన టీచరమ్మ గారు గుమ్మంలోంచే అరిచారు.

"ఆగమ్మాయ్! కొట్టకు. అది దోమ కాదు."

"దోమ కాకపోతే ఏంటండీ? ఇంతుంది!"

"ఇంతుంటే దోమ అయిపోతుందా? గాజు గ్లాసుందా? ఒక మందపాటి కాగితం కూడా పట్రా."

కాగితమంటే నా దగ్గర డైలాగు పేపర్లు తప్ప ఏమున్నాయి. చివరికి ఎవరో నటుడి ఇంటి బంగారు అంచు శుభలేఖ దొరికితే అది ఇచ్చాను. గ్లాసు బోర్లించి, శుభలేఖను మెల్లిగా కిందికి జరిపి, పెళ్లికూతుర్ని పల్లకీలో తీసుకెళ్లినంత జాగ్రత్తగా ఆ పురుగును కిటికీ దగ్గరికి తెచ్చారు. కళ్లజోడు తాడుకే కట్టుకుని ఉండే భూతద్దం నా చేతికిచ్చారు.

"దీని మూతి చూడు. సూది ఉందా? లేదు. కుట్టాలన్నా కుట్టలేదు పాపం. ఈ కాళ్లు పట్టుకుంటే ఊడొస్తాయి, అంత బలహీనం. చిత్తడి నేలలో పుడుతుంది, నాలుగు రోజులు ఎగురుతుంది, పోతుంది. దోమలాగా ఉండటం ఒక్కటే దీని నేరం."

బాల్కనీలోకి వదిలేశారు. పైప్ సంగతి ఆ రోజు మాట్లాడనేలేదు.

అప్పట్నుంచీ నేను ఆవిడ స్టూడెంటునైపోయాను, నన్నెవరూ అడగలేదు. ఆవిడ పాఠం మూడు ముక్కలు. "ముందు మూతి చూడు. తర్వాత కాళ్లు చూడు. ఆ తర్వాతే కొట్టు." మూతి నుంచి ముందుకు పొడుచుకొచ్చిన సన్నటి సూది ఉంటే దోమ. లేకపోతే మన జోలికి రానిది. గోడ మీద కూర్చున్నప్పుడు వెనక కాళ్లు పైకెత్తితే దోమ. ముందు కాళ్లు ఎత్తి, దండం పెడుతున్నట్టు గాల్లో ఆడిస్తే అది దీపాల పురుగు. తోక పైకెత్తి ఏటవాలుగా కూర్చుంటే మలేరియా దోమ. గోడకు సమంగా, కొంచెం గూని పెట్టుకుని కూర్చుంటే మురుగు కాల్వ దోమ, రాత్రి చెవి దగ్గర సంగీతం పాడేది అదే. నల్లటి ఒళ్లు, కాళ్ల మీద తెల్లటి చారలు ఉంటే పగటి దోమ. "ఇదే అసలుది. చారల చీర కట్టుకుని సోకుగా ఉంటుంది, చప్పుడు చేయదు, పట్టపగలు చీలమండ దగ్గర కుట్టిపోతుంది. దీనికి మురుగు పనికిరాదమ్మాయ్. శుభ్రమైన నీళ్లు కావాలి. మనింట్లో మనం ముచ్చటపడి పెట్టుకున్న నీళ్లు."

అంటూ నా కిటికీ వైపు చూశారు. అక్కడ సీసాల్లో మనీప్లాంట్లు పెట్టుకున్నాను. డబ్బింగ్ చెప్పిన సినిమాలో ఎవరింట్లోనో చూసి, ముచ్చటేసి.

"ఇవి మొక్కలు కావు. పురిటి గదులు."

మొత్తం పారబోయించారు. మనిషి అంత మొహమాటం లేనిది. ఎవరు భోజనానికి పిలిచినా ముందు వాళ్ల ఫ్రిజ్ వెనక నీళ్ల ట్రే బయటికి లాగేవారు. ఒక పెళ్లి రిసెప్షన్లో ఒక హీరోయిన్ తల్లిగారి భుజం మీద ఏదో వాలితే, కొట్టబోయిన ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, "కదలకండి, మగది, కుట్టదు, మీసాలు చూడండి ఎంత కుచ్చుల్లా ఉన్నాయో" అని పదిమందికీ చూపించారు. నేను సిగ్గుతో చచ్చాను. ఆవిడతో కలిసి ఎక్కడికీ వెళ్లకూడదని ఒట్టేసుకుని, మళ్లీ వెళ్లేదాన్ని.

ఇక మా అపార్ట్‌మెంట్ వారి జ్ఞానం సంగతి. వానలు పడగానే సాయంత్రం పూట మా గేటు లైట్ల చుట్టూ పురుగులు గుంపులు గుంపులుగా మూగేవి. తెల్ల కార్ల మీద పచ్చగా అంటుకుపోయేవి. చూడటానికి అచ్చం దోమలే. గ్రూపులో ఒకటే గోల, డెంగీ డెంగీ అని. సెక్రటరీ గారు పొగ మిషన్ తెప్పించేవారు. పొగ కొడుతుంటే ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని తనే వీడియో తీసి గ్రూపులో పెట్టేవారు. దానికి చప్పట్లు.

టీచరమ్మ గారు ఆ చచ్చిన పురుగుల్ని తెల్ల సాసర్లో పోసుకుని కిందికి దిగేవారు. "చూడండి సెక్రటరీ గారూ, వీటికి సూది లేదు. రెక్కలు ఒంటికంటే పొట్టి. ఇవి దీపాల పురుగులండీ, చెరువు బురదలోంచి వస్తాయి. కప్పలూ పక్షులూ తింటాయి. మీరు చంపింది వీటిని. మనల్ని కుట్టేది పగలు వస్తోంది, ఇప్పుడు అది ఏ మంచం కిందో పడుకుని ఉంది."

"కరెక్టే టీచర్ గారూ," అనేవారు సెక్రటరీ గారు ఎంతో మర్యాదగా. "కానీ జనాలకు కనపడాలె కదా, ఏదో ఒకటి చేస్తున్నమని."

పైకొచ్చి నాతో అనేవారు ఆవిడ. "కనపడేవి కుట్టవు, కుట్టేవి కనపడవు. ఆయనకి అర్థం కాలేదమ్మాయ్, ఇంకోసారి చూపిస్తాను."

అర్థం కాకపోవడమేమిటి నా మొహం! కానీ ఆవిడ అంతే. జీవితమంతా పిల్లలకు పాఠం చెప్పిన మనిషి. తప్పు చేసేవాడికి తెలియదు కాబట్టే తప్పు చేస్తున్నాడని, చూపిస్తే మానేస్తాడని ఆవిడ నమ్మకం. ఆవిడకున్న అజ్ఞానమల్లా అదొక్కటే.

ఇప్పుడు ఒక చెయ్యి గురించి చెప్పాలి.

మా గోడ పక్కన ఒక ఖాళీ ప్లాటు ఉంది. దాని ఓనరు సినిమా సెట్టింగుల సామాను అద్దెకిచ్చే ఆయన. ఫైబర్‌తో చేసిన స్తంభాలు, సగం రథం, తల లేని ఏనుగు, అన్నీ అక్కడ పడేసి ఉంటాయి. వాటి మధ్య ఒక పెద్ద చెయ్యి. ఏదో పౌరాణికం సెట్టులోదట. నులకమంచమంత అరచెయ్యి, ఆకాశం వైపు తెరుచుకుని వెల్లకిలా పడి ఉంటుంది. మా వాచ్‌మన్ అది దేవుడిదంటాడు. అపార్ట్‌మెంట్ పిల్లలు రాక్షసుడిదంటారు. టీచరమ్మ గారు చాలాసేపు పరీక్షించి, "వేళ్లు చూస్తే దేవుడే, గోళ్ల దగ్గరే నాకు అనుమానం" అన్నారు. ఆవిడ నోట అనుమానం అన్నమాట నేను విన్నది ఆ ఒక్కసారే.

వాన పడితే ఆ అరచేతి గుంటలో నీళ్లు నిలిచేవి. తేటగా, ముత్యాల్లాంటి నీళ్లు. టీచరమ్మ గారు గరిటెతో కొంచెం తోడి తెల్ల సాసర్లో పోసి చూపించారు. కొక్కేల్లా వంగి తన్నుకుంటున్నాయి, తలకిందులుగా వేలాడుతూ, తోక నీటి పైకి పెట్టి ఊపిరి తీసుకుంటూ. దోమ పిల్లలు. "చూశావా, మన బిల్డింగు మొత్తానికీ సరిపోతాయి" అన్నారు.

ఆ రోజు నుంచీ అదొక పూజలా పెట్టుకున్నారు. ప్రతి శుక్రవారం పొద్దున్నే మోకాళ్ల దాకా మేజోళ్లు, పొడుగు చేతుల జాకెట్టు, చేతిలో మగ్గు. వాచ్‌మన్ ప్లాటు గేటు తీసేవాడు. ఆ బొటనవేలికి ఆనుకుని నిలబడి నీళ్లన్నీ ఎండ పడే మట్టి మీద తోడి పోసేవారు. ఆ వయసులో, ఆ నడుముతో. నాకు పొద్దున రికార్డింగ్ లేకపోతే నేనూ వెళ్లేదాన్ని. ఒకసారి అడిగాను, ఎన్నాళ్లండీ ఈ తోడుడు అని.

"తోడక్కర్లేదమ్మాయ్. ఇది లోపల డొల్ల. అరచేతి మధ్యలో బఠాణీ గింజంత కన్నం పెడితే చాలు. పడ్డ నీళ్లు పడ్డట్టే మణికట్టు వైపు నుంచి బయటికి పోతాయి. ఓనరు గారికి చెబుదాం. అంత చిన్నదానికి కాదంటారా?"

అన్నారు. కాదన్నారు ఓనరు గారు, సరుకు పాడవుతుందని. రేపు సినిమాకి అద్దెకెళ్లే వస్తువుకి ఎవరైనా కన్నం పెడతారా అన్నారు.

టీచరమ్మ గారు అపార్ట్‌మెంట్ మీటింగుకి వెళ్లారు. ఒక గాజు సీసాలో ఆ అరచేతి నీళ్లు పట్టి, మూతికి దోమతెర గుడ్డ కట్టి కొన్ని రోజులు ఇంట్లో ఉంచారు. లోపల పిల్లలు పెద్దవై, రెక్కలొచ్చి, సీసాలో తిరుగుతున్నాయి. కాళ్ల మీద తెల్ల చారలు భూతద్దం లేకుండానే కనిపిస్తున్నాయి. ఆ సీసాను బల్ల మీద పెట్టారు. "ఇవి మన పక్క ప్లాటులో పుట్టినవి. కొట్టమని నేను చెబుతున్న దోమ ఇది. ఒక్క కన్నం పెట్టించండి, పొగ ఖర్చే ఉండదు."

అందరూ లేచి ఫోన్లు తీసి సీసాను ఫొటో తీసుకున్నారు. "టీచర్ గారు సూపరండీ" అన్నారెవరో. సెక్రటరీ గారు గొంతు సవరించుకున్నారు.

"మీరు చెప్పేది హండ్రెడ్ పర్సెంట్ కరెక్టు టీచర్ గారూ. కానీ ప్లాటాయనతోటి గొడవ పెట్టుకుంటే మన బండ్లు ఏడ పెట్టుకుందాం చెప్పుండ్రి? పాపం, ఒక్క రూపాయి కిరాయి తీస్కుంటలేడు."

అదీ సంగతి. మా వాళ్ల రెండో కార్లన్నీ ఆ ప్లాటులోనే పెడతారు. అందరూ ఫోన్లు జేబుల్లో పెట్టేసుకున్నారు. నేను మాట్లాడాను. రోజూ ఇంకొకరి గొంతు పెంచే దాన్ని, ఆ రోజు నా గొంతే పెంచాను. "మేడం, కొంచెం పాజిటివ్‌గా ఉండండి" అన్నారు. ఇక చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. కార్పొరేషన్‌కి ఫిర్యాదు పెడితే వాళ్లొచ్చి మా డ్రైనేజీలో మందు కొట్టి, ఫొటో దిగి వెళ్లారు.

ఆ తర్వాత శుక్రవారం ప్లాటు గేటుకి కొత్త తాళం వేలాడుతోంది. టీచరమ్మ గారు మగ్గు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాచ్‌మన్ తల వంచుకున్నాడు.

"నేనేం జేయాలమ్మా. ముసలామె సామాన్లల్ల తిరుగుతున్నది, పడితే ఎవరు జిమ్మేదారని గా ప్లాటాయన ఫోన్ జేసిండట. సెక్రటరీ సార్ తాళం ఏయమన్నడు. కార్లోళ్లకే తాళంచెవులు ఇచ్చిండు."

"నాకు కారు లేదు కదయ్యా," అన్నారావిడ, నిజంగా ఆ విషయం ఆలోచిస్తున్నట్టు.

"జర ఓపిక పట్టున్రి, వానలు తగ్గినంక తీస్తడేమో."

వానలు తగ్గాక నీళ్లెందుకుంటాయి? పొమ్మనలేక పొగబెట్టడం మనకు తెలుసు గానీ, పొగపెట్టి మరీ పొమ్మనకుండా తాళం వేయడం అప్పుడే చూశాను. ఆవిడ మాత్రం ఆ నెలంతా రోజూ బాల్కనీలోంచి ఆ చెయ్యి వైపు చూసేవారు. వాన పడుతూనే ఉంది. నీళ్లు అంచు దాకా నిండి, ఎండ పడినప్పుడు తళుక్కుమనేవి.

ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి మంచం మీద దుప్పటి కప్పుకుని ఉన్నారు. ఒళ్లు కాలిపోతోంది. కళ్ల వెనక నొప్పి అన్నారు. మొన్నెప్పుడో చీలమండ మీద వాలితే చూశానని, మేజోళ్లు ఉతికి ఆరేసిన పూట అని చెప్పారు.

"కొట్టలేదా?"

"మూతి చూసి, కాళ్లు చూసేలోపు కుట్టేసింది." నవ్వబోయారు. "చారలున్నాయమ్మాయ్. పోల్చుకున్నాను."

నాకు ఏడుపు రాలేదు, మంట వచ్చింది. వీళ్లందరినీ పిలిచి చూపిస్తాను, వీళ్లు చేసిందేమిటో వీళ్లకు తెలియాలి అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"తిట్టకు. వాళ్లకి తెలియదు. నేనే సరిగ్గా చెప్పలేకపోయానేమో."

"తెలుసండీ. అందరికీ తెలుసు. మీ సీసా ఫొటో అందరి ఫోన్లలోనూ ఉంది."

ఆవిడ నా చెయ్యి వదిలేశారు. అంత చదువుకున్న మనిషికి, అన్ని పురుగుల మధ్య తేడా తెలిసిన మనిషికి, ఈ తేడా నేను చెప్పాల్సి వచ్చింది. గోడ వైపు తిరిగి పడుకున్నారు. అలా చెప్పి ఉండకూడదని చాలామంది అంటారు. నేననను. నిజం తెలుసుకోకుండా పోవలసిన మనిషి కాదావిడ.

ఆ సాయంత్రమే హాస్పిటల్లో చేర్చాం. డాక్టర్లు చేయాల్సింది చేశారు. రక్తంలో కణాలు పడిపోతూ వచ్చాయి. చివరిసారి చూసినప్పుడు వార్డు లైటు చుట్టూ ఏదో ఎగురుతుంటే నర్సు దోమల బ్యాటు ఎత్తింది. ఆవిడ పెదవులు కదిలాయి. నేను వంగి విని నర్సుకి చెప్పాను, "అది దీపాల పురుగట, వదిలేయమంటున్నారు."

సమాధి దగ్గర పాస్టర్ గారి ప్రార్థన అయ్యాక మా సెక్రటరీ గారు ముందుకొచ్చి మాట్లాడారు. టీచర్ గారు మాకు దోమల గురించి ఎన్నో విషయాలు నేర్పించారని, ఆ లోటు తీరదని. నిజమే. నేర్పించారు. అదే నా బాధ. తెర మీద తల్లుల కోసం లీటర్ల కొద్దీ ఏడ్చిన దాన్ని, అక్కడ ఒక్క చుక్క రాల్చలేకపోయాను. కోపం ఉన్నచోట కన్నీళ్లకు చోటుండదనుకుంటాను.

మా అపార్ట్‌మెంట్ మీటింగు గదిలో ఆవిడ స్మారక ప్రార్థన పెట్టిన రోజు పొద్దున, కుర్చీలు వేయిస్తూ నేను కిందే ఉన్నాను. ప్లాటు గేటు బార్లా తీసి ఉంది. క్రేన్ వచ్చింది. ఆ చేతికి సినిమా దొరికిందట. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ మనుషులు తాళ్లు కడుతున్నారు. క్రేన్ ఎత్తబోయి ఆగింది.

"నీళ్లున్నయన్నా, బరువైతున్నది!" అని అరిచాడు క్రేన్ మీద మనిషి.

"అయితే బొక్క గొట్టు!" అన్నాడు కింద ఉన్న మేస్త్రీ.

"ఓనర్ ఏమన్నంటడేమో?"

"ఏమంటడు? మల్ల పుట్టీ పెట్టి రంగేస్తే అయిపాయె."

ఒకతను డ్రిల్లింగ్ మిషన్ పట్టుకుని అరచేతిలోకి ఎక్కాడు. సరిగ్గా మధ్యలో పెట్టాడు. ఒక్కసారి గుర్రుమంది, అంతే. దిగిపోయి బీడీ ముట్టించుకున్నాడు.

నీళ్లు మణికట్టు వైపు నుంచే వచ్చాయి, ఆవిడ చెప్పినట్టే. సన్నటి ధారగా మొదలై, ప్లాటు దాటి, వాలు మీదుగా మా గేటు ముందుకు, ప్రార్థనకి వచ్చినవాళ్లు విడిచిన చెప్పుల దాకా పారాయి. నేను గొంతుక్కూర్చుని చూశాను. వేడెక్కుతున్న తారు రోడ్డు మీద ఆ పల్చటి నీళ్లలో కొక్కేల్లా వంగినవి కాసేపు తన్నుకున్నాయి. నీళ్లు ఇంకుతుంటే నెమ్మదించాయి. మూతి చూడక్కర్లేదు, కాళ్లు చూడక్కర్లేదు. రోడ్డు ఆరిపోయే దాకా అక్కడే కూర్చున్నాను. లోపల ప్రార్థన మొదలైందని వాచ్‌మన్ వచ్చి పిలిచాడు.